ట్రాయ్‌ను ఒక్క ముక్కగా ఉంచాలంటే: మిషిగన్ పునర్విభజనలో నా అనుభవం

డెట్రాయిట్ శివారులోని మా ఊరు ట్రాయ్ జనాభా 2020 గణనలో 87,294. మిషిగన్ ప్రతినిధుల సభలో ఒక్కో నియోజకవర్గానికి ఉండాల్సిన జనాభా 91,612. తేడా 4,318. 2021లో మా ఊరి గురించి నడిచిన వాదనంతా ఈ 4,318 మందిని ఏ పక్క నుంచి తేవాలన్న దాని చుట్టూనే తిరిగింది. గుడి, బడి, భాష, వ్యాపారం అన్నీ ఆ తర్వాతే. లెక్క కుదరని పటాన్ని హద్దులు గీసే కమిషన్ సభ్యులు ఎంత సానుభూతితో చూసినా పక్కన పెట్టక తప్పదు. పౌరులుగా పటం గీసి, వాంగ్మూలం ఇచ్చి, దాన్ని చివరిదాకా వెంటాడినప్పుడు ఏ మెట్టు దగ్గర ఏం పనికొచ్చిందో, ఏం బెడిసికొట్టిందో ఇక్కడ రాస్తున్నాను. 2031లో మళ్లీ ఇదే పని పడుతుంది.

ముందు నేపథ్యం క్లుప్తంగా. అమెరికాలో పదేళ్లకోసారి జనగణన ముగిశాక నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీస్తారు. ఇండియాలో ఆ పని డీలిమిటేషన్ కమిషన్‌ది. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో శాసనసభదే. అంటే ఎవరి సీటు మారుతుందో పెన్సిల్ వాళ్ల చేతిలోనే ఉంటుంది. మిషిగన్‌లో 2011 పటాలు రిపబ్లికన్ల మెజారిటీ ఉన్న శాసనసభ గీసినవి. 2012లో రాష్ట్రం మొత్తం మీద ఒబామా గెలిచారు. అదే రోజు అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లో మిషిగన్ సీట్లు మాత్రం 9-5గా రిపబ్లికన్లకు పోయాయి. తర్వాతి రెండు ఎన్నికల్లోనూ అదే 9-5. అప్పటి 14వ కాంగ్రెస్ నియోజకవర్గం డెట్రాయిట్ నుంచి పాంటియాక్ దాకా మెలికలు తిరుగుతూ పోయేది. డెమోక్రాట్ల ఓట్లన్నీ అందులో కుక్కేశారు. దాన్ని చుట్టుకుని 11వది ఉండేది. ట్రాయ్, నోవై, క్యాంటన్ మూడూ అందులోనే. మూడు చోట్లా తెలుగు కుటుంబాలు గట్టిగానే ఉన్నాయి కాబట్టి మనవాళ్లకు ఆ ఆకారం ఇబ్బందిగా అనిపించలేదు. అసలు నష్టం పక్కవాళ్లది.

2018 నవంబరులో ఓటర్లు 61 శాతం మద్దతుతో రాజ్యాంగ సవరణ చేసి పెన్సిల్‌ను 13 మంది మామూలు పౌరుల చేతికి ఇచ్చారు. 4 డెమోక్రాట్లు, 4 రిపబ్లికన్లు, ఏ పార్టీకీ చెందనివాళ్లు 5. దరఖాస్తులు 9 వేలకు పైగా వచ్చాయి. వాటిలోంచి లాటరీ తీసి 200 మందిని (60, 60, 80) ఎంచారు. ఉభయ సభల్లోని నలుగురు నాయకులకు తలా ఐదుగురిని తీసేసే హక్కు ఉంది. ఆపైన మళ్లీ లాటరీ. ఏ పటమైనా ఆమోదం పొందాలంటే మెజారిటీ ఒక్కటే చాలదు, మూడు వర్గాల నుంచీ కనీసం ఇద్దరేసి ఒప్పుకోవాలి. ఈ చివరి షరతే మనలాంటి వాళ్లకు ఆయువుపట్టు. ఒక పార్టీ సభ్యులకు మాత్రమే నచ్చే వాదనతో వెళ్తే గోడకు తల కొట్టుకున్నట్టే.

రాజ్యాంగంలో ప్రమాణాలు ఏడు. వాటికి వరుస ఉంది, ఆ వరుసే చట్టం. మొదటిది సమాన జనాభా, ఓటింగ్ హక్కుల చట్టం (జాతి కారణంగా ఎవరి ఓటు బలమూ తగ్గకూడదనే ఫెడరల్ చట్టం). రెండు, నియోజకవర్గమంతా ఒకదానికొకటి ఆనుకుని ఉండటం. మూడు, ఉమ్మడి ప్రయోజనాలున్న సముదాయాలు చీలకుండా చూడటం. నాలుగు, ఏ పార్టీకీ తగని లాభం కలగకపోవడం. ఐదు, పదవిలో ఉన్నవారికి మేలుగానీ కీడుగానీ చేయకపోవడం. ఆరు, కౌంటీ, నగర, టౌన్‌షిప్ హద్దులు. ఏడు, ఆకారం పొందికగా ఉండటం. చాలామంది ఆరో మెట్టు మీద నిలబడి వాదించారు. "మా కౌంటీ దాటొద్దు", "మా ఊరి హద్దు చెరపొద్దు" అని. ఆరో మెట్టు వాదనకు మూడో మెట్టుదో నాలుగో మెట్టుదో వాదన ఎదురైతే ఆరోది ఓడిపోతుంది. ఊరి హద్దును కాపాడాలంటే ఊరు ఒక సముదాయమని నిరూపించి, దాన్ని మూడో మెట్టు మీదికి ఎక్కించాలి. మేం రాసిన మొదటి ముసాయిదా నిండా నగర హద్దుల మాటే. దాన్ని పూర్తిగా తిరగరాయాల్సి వచ్చింది.

ఇక డేటా. సెన్సస్ బ్యూరో పునర్విభజన కోసం రాష్ట్రాలకు ఇచ్చే ఫైలును పీఎల్ 94-171 అంటారు. గణన మరుసటి ఏడాది మార్చి 31లోగా రావాల్సింది, కోవిడ్ వల్ల 2021 ఆగస్టు 12కి గానీ రాలేదు. మిషిగన్ రాజ్యాంగం పటాల ఆమోదానికి పెట్టిన గడువేమో నవంబరు 1. ఆమోదానికి ముందు 45 రోజులు ప్రజాభిప్రాయానికి వదలాలి కూడా. చివరికి కమిషన్ ఓటు వేసింది డిసెంబరు 28న. ఫైలు వచ్చాక నేర్చుకుందాం అనుకున్నవాళ్లు ఈ పరుగులో వెనకబడిపోయారు. 2010 అంకెలతోనో, ఏటా వచ్చే అంచనాలతోనో ముందే చేయి తిప్పుకుని, కొత్త అంకెలు రాగానే సర్దుకున్నవాళ్లే నిలిచారు.

ఆ ఫైలులో ఉండేవి ఇవి: మొత్తం జనాభా, జాతి, హిస్పానిక్ మూలం, 18 ఏళ్లు దాటినవారిలో ఇవే వివరాలు, ఇళ్ల సంఖ్య, హాస్టళ్లూ జైళ్లలాంటి చోట్ల ఉండేవాళ్లు. పౌరసత్వం ఉండదు. హెచ్-1బీ మీద ఉన్న కుటుంబం, గ్రీన్ కార్డు క్యూలో ఉన్న కుటుంబం, నిన్న పుట్టిన పాప, అందరూ ఆ 87,294లో ఉన్నారు. టెక్సాస్ నుంచి వచ్చిన ఎవెన్‌వెల్ కేసులో ఓటర్లను మాత్రమే లెక్కపెట్టాలని కొందరు వాదించారు. మొత్తం జనాభాతో గీయడం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2016లో తేల్చింది. "నాకు ఓటే లేదు, నాకెందుకు ఈ గొడవ" అనే మాట విచారణలప్పుడు మనవాళ్ల నోట చాలాసార్లు విన్నాను. నియోజకవర్గం బరువులో మీరూ ఒక పాలు అయినప్పుడు, ఆ గీత మీది కాకుండా ఎలా పోతుంది? మిషిగన్ కమిషన్ ముందు మాట్లాడటానికి ఓటరై ఉండాల్సిన పని కూడా లేదు.

తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో ఆ ఫైలు చెప్పదు. అందులో ఉండేది "ఏషియన్" అన్న ఒక్క గడి. భాష లెక్క కావాలంటే ఏటేటా జరిగే అమెరికన్ కమ్యూనిటీ సర్వేకు వెళ్లాలి. అందులో బీ16001 పట్టికలో తెలుగుకు విడి వరుస ఉంది. కానీ అది పెద్ద ప్రాంతాలకే దొరుకుతుంది. ట్రాక్ట్ (గణన కోసం ఊళ్లను విభజించిన చిన్న ప్రాంతం) స్థాయికి దిగితే దొరికేది సీ16001, అక్కడ వరుసలు కుదించేస్తారు. హిందీ, గుజరాతీ ఇండో-యూరోపియన్ గుంపులోకి పోతాయి. తెలుగు, తమిళం ఆసియా పసిఫిక్ దీవుల భాషల గుంపులో పడతాయి. ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో పక్కపక్కన ఉండే తెలుగు ఇల్లు, గుజరాతీ ఇల్లు రెండు వేరే గడుల్లో కనపడతాయి. ఈ సంగతి తెలియక ఇండో-యూరోపియన్ గడి చూసి "భారతీయులు ఇంతే" అని రాసి పంపితే లెక్క తప్పుతుంది, కమిషన్ కన్సల్టెంట్లు దాన్ని ఇట్టే పట్టేస్తారు. కాకిలెక్క ఒక్కటి బయటపడితే మిగతా నిజాలకూ విలువ పోతుంది. పెద్ద ప్రాంతం అంకెను అంకెగా చెప్పి, ఊరి స్థాయికి వచ్చేసరికి గుడికి వచ్చే కుటుంబాలు, వారాంతపు తెలుగు తరగతులు, దుకాణాలు, బస్సు దారులు ఇలాంటి కంటికి కనపడే ఆధారాలు చూపించడమే మేలు.

ఇంకో జాగ్రత్త. 2020 గణనలో వ్యక్తుల గోప్యత కోసం బ్లాక్ (గణనలో అతి చిన్న ముక్క) స్థాయి అంకెల్ని కావాలనే కాస్త అటూ ఇటూ చేశారు. రాష్ట్రం మొత్తం అంకె అసలుదే. బ్లాకులో ఇళ్ల సంఖ్యా అసలుదే. జనాభా మాత్రం సవరించింది. అందుకే ఇళ్లు ఉండి మనుషులు లేని బ్లాకులు, మనుషులు ఉండి ఇళ్లు లేని బ్లాకులు తగులుతాయి. బ్లాకులు కలిసేకొద్దీ ఈ తేడాలు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పది బ్లాకుల మీద వాదన నిలబెట్టకండి, కనీసం రెండు మూడు ప్రిసింక్ట్‌ల (పోలింగ్ కేంద్రాల పరిధుల) మీద నిలబెట్టండి.

గీయడానికి డేవ్స్ రీడిస్ట్రిక్టింగ్ అనే ఉచిత వెబ్ యాప్ చాలు. కొత్త పటం తెరిచి రాష్ట్రం, సభ, 2020 సెన్సస్ ఎంచుకోవాలి. మిషిగన్ హౌస్ (ప్రతినిధుల సభ) అయితే 110 నియోజకవర్గాలు, సెనేట్ 38, కాంగ్రెస్ 13. రంగు పూసే బ్రష్ మూడు స్థాయిల్లో పనిచేస్తుంది: కౌంటీ, ప్రిసింక్ట్, బ్లాక్. పెద్దదానితో మొదలుపెట్టి చిన్నదానికి దిగాలి. మొదటే బ్లాకుల్లోకి దిగితే రెండు గంటల్లో కళ్లు తిరుగుతాయి, ఊరి పొలిమేర మీద ఎక్కడో ఒక బ్లాకు పక్క రంగులో ఉండిపోతుంది. పూర్తయిన నియోజకవర్గానికి వెంటనే తాళం వేయాలి, లేకపోతే పక్కది సర్దుతున్నప్పుడు ఇది చెదిరిపోతుంది. అరగంటకోసారి ఒక కాపీ దాచుకోవాలి. చివర్లో రంగు పడని ముక్కలున్నాయా, ముక్కలై విడిపోయిన నియోజకవర్గాలున్నాయా అని చూసే తనిఖీలు రెండూ నడపాలి. జనం లేని చెరువు బ్లాకు వదిలేసినా అది అసంపూర్ణ పటమే. రెండు ముక్కలు మూల దగ్గర చుక్కలా తాకితే ఆనుకున్నట్టు కాదు. దీవులకు మాత్రం మిషిగన్ రాజ్యాంగం మినహాయింపు ఇచ్చింది, అవి ఏ కౌంటీవైతే ఆ కౌంటీ నేలకు ఆనుకున్నట్టే లెక్క.

పటాన్ని బయటికి తీస్తే వచ్చేది రెండు నిలువు వరుసల ఫైలు: బ్లాక్ నంబరు, నియోజకవర్గం నంబరు. బ్లాక్ నంబరుకు 15 అంకెలు. మొదటి రెండూ రాష్ట్రం (మిషిగన్‌కు 26), తర్వాత మూడు కౌంటీ (ఓక్లండ్‌కు 125), ఆరు ట్రాక్ట్, నాలుగు బ్లాక్. ఈ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి మళ్లీ సేవ్ చేస్తే పని పాడవుతుంది. 15 అంకెల్నీ ఎక్సెల్ "2.61ఈ+14" లాంటి రూపంలోకి కుదించి అలాగే రాసేస్తుంది, వేల బ్లాకులకు ఒకే నంబరు పడుతుంది. 06తో మొదలయ్యే కాలిఫోర్నియాలో అయితే ముందున్న సున్నా కూడా ఎగిరిపోతుంది. చూడాలనుకుంటే ఆ వరుసను టెక్స్ట్‌గా దిగుమతి చేసి చూడండి, సమర్పించేది మాత్రం ముట్టుకోని అసలు ఫైలే.

ఇప్పుడు ట్రాయ్ లెక్కకు వద్దాం. 2011 పటంలో 41వ నియోజకవర్గం అంటే ట్రాయ్, దాని దక్షిణాన ఉన్న చిన్న ఊరు క్లాసన్. 2010లో ట్రాయ్ 80,980, క్లాసన్ 11,825, కలిపి 92,805. అప్పటి సగటు 89,851 మీద మూడు శాతం చిల్లర ఎక్కువ, హాయిగా సరిపోయింది. పదేళ్లలో ట్రాయ్ పెరిగింది, క్లాసన్ కాస్త తగ్గింది. 2020లో 87,294కు 11,389 కలిపితే 98,683. కొత్త సగటు మీద 7.7 శాతం ఎక్కువ. రాష్ట్ర సభలకు కోర్టులు సాధారణంగా ఒప్పుకునే హద్దు, అతి పెద్ద నియోజకవర్గానికీ అతి చిన్నదానికీ మధ్య మొత్తం 10 శాతం లోపు తేడా. కాంగ్రెస్ పటానికి ఆ వెసులుబాటు కూడా లేదు, దాదాపు మనిషికి మనిషి సరిపోవాలి. కాబట్టి "పాత నియోజకవర్గాన్నే ఉంచండి" అన్న కోరిక మొదటి రోజే చచ్చిపోయింది. ఆ కోరికతో వచ్చిన ఉత్తరాలు మాత్రం ఆగలేదు.

మిగిలిన దారులు మూడు. ఒకటి, ట్రాయ్ ఒక్కటే ఒక నియోజకవర్గం. 4.7 శాతం తక్కువ. హద్దుకు లోబడే ఉంటుంది గానీ రాష్ట్రంలో మరెక్కడా 5.3 శాతం మించి ఎక్కువ ఉండకూడదన్న భారం మిగతా 109 నియోజకవర్గాల మీద పడుతుంది. ఇది చూడగానే కన్సల్టెంట్లు మొహం చిట్లిస్తారు. రెండు, ట్రాయ్ మొత్తానికి క్లాసన్‌లో మూడో వంతు పైచిలుకు కలపడం. లెక్క అచ్చంగా కుదురుతుంది, కానీ మన ఊరిని కాపాడటానికి పదకొండు వేల మంది ఉన్న పక్క ఊరిని చీల్చినట్టవుతుంది. క్లాసన్ వాళ్లు వచ్చి అభ్యంతరం చెబితే మనకు జవాబు ఉండదు, ఉండకూడదు కూడా. మూడు, క్లాసన్‌ను పూర్తిగా కలిపి ట్రాయ్ అంచుల్లో రెండు మూడు ప్రిసింక్ట్‌లు వదులుకోవడం. 98,683లోంచి 2,500 మంది పోతే 5 శాతం హద్దు, 7,000 మంది పోతే దాదాపు సగటు. మేం రెండోదాన్ని వదిలేసి, మొదటిదాన్ని కోరికగా, మూడోదాన్ని ప్రత్యామ్నాయంగా ఇచ్చాం. ప్రత్యామ్నాయం లేకుండా వెళ్తే "కుదరదు" అన్న ఒక్క మాటతో సంభాషణ ముగుస్తుంది. వదులుకోగలిగిన ప్రిసింక్ట్‌లు ఏవో మనమే చెబితే, కత్తెర ఎక్కడ పడాలో చెప్పే అవకాశమైనా దక్కుతుంది.

అక్కడితో అయిపోదు. తూర్పున డెక్విండర్ రోడ్డు దాటితే మెకోంబ్ కౌంటీ, స్టెర్లింగ్ హైట్స్. ఆ ఊరి జనాభా 1,34,346. అందులోంచి ఒక పూర్తి నియోజకవర్గం తీస్తే 42,734 మంది మిగులుతారు. వాళ్లకు ఇంకో 48,878 మందిని ఎక్కణ్నుంచైనా తేవాలి. పడమటికి చూస్తే కనిపించేది ట్రాయ్. ఒకరి దుప్పటి లాగితే పక్కవాళ్ల కాళ్లు బయటపడే పరిస్థితి. దీనికి జవాబు కూడా లెక్కలోనే ఉంది. ఓక్లండ్ కౌంటీ 12,74,395ను 14తో భాగిస్తే 91,028, అంటే సగటుకు అర శాతం చిల్లర తక్కువ. మెకోంబ్ 8,81,217ను 10తో భాగిస్తే 88,122, అంటే 3.8 శాతం తక్కువ. డెక్విండర్ దాటకుండానే రెండు కౌంటీలనూ విడివిడిగా గీయొచ్చు. మా పత్రంలో బాగా నిలబడిన పేరా ఇదే. అయినా ఇది ఆరో మెట్టు వాదన అన్నది మర్చిపోకూడదు. పార్టీల సమతూకం కోసం కౌంటీ దాటడం నాలుగో మెట్టు, దానికి రాజ్యాంగంలో ప్రాధాన్యం ఎక్కువ.

ఫలితం ఇదీ: 2021 డిసెంబరు 28న ఆమోదమైన 'హికరీ' అనే హౌస్ పటంలో ట్రాయ్ ఒక్క ముక్కగా మిగల్లేదు. 56వ నియోజకవర్గం ఒక భాగాన్ని పడమటికి బర్మింగ్‌హామ్ వైపు లాక్కుంది. 57వది మరో భాగాన్ని డెక్విండర్ దాటించి స్టెర్లింగ్ హైట్స్‌తో కలిపింది. 2022లో 56వది డెమోక్రాట్లకు, 57వది రిపబ్లికన్లకు వెళ్లాయి. మా కోరిక నెరవేరలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

వాంగ్మూలం సంగతి. 2021లో కమిషన్ పోర్టల్‌లో మూడు రకాలుగా సమర్పించే వీలుండేది: రాతపూర్వక వ్యాఖ్య, సముదాయ పటం, పూర్తి ప్రణాళిక. మూడింటిలో ఎక్కువ పని చేసేది సముదాయ పటం, ఎందుకంటే దాన్ని గీసేవాళ్లు తెర మీద నేరుగా పరుచుకుని చూడొచ్చు. ఉత్తరంలో "ట్రాయ్, చుట్టుపక్కల భారతీయ సమాజం" అని రాస్తే వాళ్లు ఏ బ్లాకుకు రంగు పూయాలి? "పడమట ఆడమ్స్ రోడ్డు, తూర్పున డెక్విండర్, ఉత్తరాన సౌత్ బులవార్డ్, దక్షిణాన మేపుల్ రోడ్డు" అని రాస్తే చేయి తిన్నగా అక్కడికే వెళ్తుంది. నాలుగు వీధుల పేర్లు, లోపలి జనాభా అంకె, ఆ లోపలివాళ్లను కలిపే రెండు విషయాలు, విడదీస్తే జరిగే ఒక నష్టం. అంతే సరిపోతుంది. గుడి ఉందని చెప్పడం చాలదు. పెద్దవాళ్లకు ఏ భాషలో ఆరోగ్య సమాచారం కావాలి, ఏ బడుల్లో ఇంగ్లిష్ నేర్పే తరగతుల అవసరం ఉంది, వీటి కోసం ఇద్దరు ప్రతినిధుల చుట్టూ తిరగాల్సి వస్తే ఏం పోతుంది అన్నది చెప్పాలి.

రాజ్యాంగం ఒక గీత స్పష్టంగా గీసింది. పార్టీలతో, పదవిలో ఉన్నవారితో, అభ్యర్థులతో ఉన్న సంబంధం సముదాయం కిందికి రాదు. అప్పట్లో 41వ నియోజకవర్గం ప్రతినిధి వరంగల్ ఆర్ఈసీలో ఇంజనీరింగ్ చదివిన పద్మ కుప్ప. మనవాళ్లకు అది గర్వకారణమే. కానీ "మా ప్రతినిధిని మాకు ఉంచండి" అన్న మాట వాంగ్మూలంలో వస్తే ఐదో ప్రమాణానికి అడ్డం పడుతుంది, మిగతా మాటలన్నీ ఆ రంగులోనే వినపడతాయి. ముసాయిదాలు సరిచూసేటప్పుడు మేం మొదట వెతికి తీసేసింది ఇలాంటి వాక్యాలనే.

విచారణలో మైకు ముందు దొరికేది ఒకట్రెండు నిమిషాలు. మొదటి వాక్యంలోనే ఏ సభ పటం, ఏ ముసాయిదా, ఏ నియోజకవర్గం నంబరు అన్నది చెప్పేయాలి. హౌస్, సెనేట్, కాంగ్రెస్ పటాలు మూడూ ఒకేసారి నడుస్తాయి, ఒక్కోదానికి అనేక రూపాంతరాలు ఉంటాయి, వారానికోసారి నంబర్లు మారతాయి. పది రోజుల కిందటి ముసాయిదా మీద ఆవేశంగా మాట్లాడినవాళ్ల సమయం వృథా పోవడం కళ్లారా చూశాం. ఒకే ఉత్తరాన్ని వంద మంది పంపడం కూడా అంతే. వంద వేరు వేరు వీధుల నుంచి వంద చిన్న సముదాయ పటాలు వస్తే వాటిని ఒకదాని మీద ఒకటి పరిచినప్పుడు చిక్కటి మచ్చ కనపడుతుంది. ఒకే ఉత్తరం వంద కాపీలైతే ఒక్క ఉత్తరమే.

నాలుగో మెట్టు, అంటే పార్టీల న్యాయం, కొలవడానికి కమిషన్ వాడిన కొలబద్దలు నాలుగు. ఒక చిన్న లెక్కతో చూద్దాం. వంద మంది ఓటర్లున్న ఐదు నియోజకవర్గాలు. 'అ' పార్టీకి మొదటి దాంట్లో 88, మిగతా నాలుగింట్లో 43 చొప్పున. మొత్తం 500కు 260, అంటే 52 శాతం ఓట్లు. గెలిచింది ఒక్క సీటు. సీట్లూ ఓట్ల నిష్పత్తి: 52 శాతానికి 20 శాతం. గెలుపు తేడాల పరీక్ష: 'అ' గెలిచిన చోట సగటు 88, 'ఇ' గెలిచిన చోట సగటు 57. ఒకరిని కుక్కారు, ఇంకొకరిని పొదుపుగా పరిచారు. సగటుకూ మధ్యమానికీ (వరుసలో నడుమ ఉన్న అంకెకూ) తేడా: 52లోంచి 43 తీస్తే 9. ఇక ఎఫిషియెన్సీ గ్యాప్ అంటే వృథా ఓట్ల లెక్క. సులువుగా గెలుపుకు 50 చాలనుకుందాం. 'అ' వృథా: గెలిచిన చోట 38, ఓడిన చోట్ల 172, మొత్తం 210. 'ఇ' వృథా: ఓడిన చోట 12, గెలిచిన చోట్ల ఏడు చొప్పున 28, మొత్తం 40. తేడా 170ని 500తో భాగిస్తే 34 శాతం. ఘోరమైన పటం.

నిజం పటాల్లో అంకెలు ఇంత కొట్టొచ్చినట్టు ఉండవు. ఏ ఎన్నికల ఫలితాలు పోస్తే అలాంటి జవాబు వస్తుంది. ఒకే ఎన్నిక మీద ఆధారపడకుండా గవర్నర్, సెనేట్, అధ్యక్ష ఎన్నికలు కలిపి చూడాలి. పోస్టల్ ఓట్లను వేరుగా లెక్కించిన ఊళ్లలో వాటిని ప్రిసింక్ట్‌లకు అంచనాగా పంచుతారు, అక్కడ కొద్దిపాటి తప్పు ఉండనే ఉంటుంది. పైగా ఒక పార్టీ ఓటర్లు నగరాల్లోనే గుమికూడి ఉంటే ఎవరూ కుట్ర చేయకపోయినా కుక్కినట్టే కనపడుతుంది.

మిషిగన్ అసలు దెబ్బ తిన్నది ఇక్కడే. డెట్రాయిట్‌లో గుమికూడిన ఓట్లను శివార్లలోకి పరిస్తే పార్టీల తూకం సరి అవుతుంది. కమిషన్ ఆ నగరం నుంచి ఉత్తరానికి పొడవాటి పట్టీల్లాంటి నియోజకవర్గాలు గీసింది. నల్లజాతి ఓటర్ల శాతాన్ని చాలాచోట్ల సగానికి బాగా తగ్గించి, ఇంత ఉన్నా వాళ్లు కోరుకున్న అభ్యర్థి గెలుస్తాడన్న నిపుణుల సలహాను నమ్మింది. ఆ సలహా నవంబరు ఎన్నికల లెక్కలది. డెట్రాయిట్‌లో గెలుపు తేలేది ఆగస్టులో, పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే డెమోక్రటిక్ ప్రైమరీలో. 2022లో డెమోక్రాట్లు హౌస్‌ను 56-54తో, సెనేట్‌ను 20-18తో గెలిచారు, రెండు సభలూ వాళ్ల చేతికి రావడం దాదాపు నలభై ఏళ్లలో మొదటిసారి. అదే ఎన్నికలో డెట్రాయిట్ నల్లజాతి ప్రతినిధుల సంఖ్య తగ్గింది. 2023 డిసెంబరు 21న ముగ్గురు జడ్జీల ఫెడరల్ కోర్టు హౌస్‌లో 7, సెనేట్‌లో 6 నియోజకవర్గాలను కొట్టేసింది. జాతిని ప్రధాన కొలతగా పెట్టి గీశారన్నది తీర్పు. ఆ నగరవాసులు 2021 విచారణల్లోనే వచ్చి సరిగ్గా ఇదే మాట మొత్తుకున్నారు. వాళ్లు అప్పుడు చెప్పిన ప్రతి వాక్యం రికార్డులో ఉంది, కోర్టులో అది పనికొచ్చింది. వాంగ్మూలం ఆ రోజు గెలవకపోయినా ఎందుకు ఇవ్వాలో అడిగేవాళ్లకు నేను చూపించేది ఈ కేసునే.

కమిషన్ లేని రాష్ట్రాల్లో పద్ధతి వేరు. టెక్సాస్‌లో 2025 వేసవిలో, పదేళ్ల మధ్యలో, రిపబ్లికన్లకు ఐదు సీట్లు పెంచే ఉద్దేశంతో కాంగ్రెస్ పటం మళ్లీ గీశారు. విచారణలు కొన్ని పటం బయటపెట్టకముందే జరిగిపోయాయి. లేని పటం మీద ఏం మాట్లాడతారు? పటం వచ్చింది జులై 30న. 150 మంది సభలో కోరం 100, దాన్ని అడ్డుకోవడానికి డెమోక్రాట్లు ఆగస్టు 3న రాష్ట్రం వదిలి వెళ్లారు. రెండు వారాలకు తిరిగొచ్చాక సభ ఆమోదించింది, ఆగస్టు 29న గవర్నర్ సంతకం చేశారు. నవంబరులో ఫెడరల్ బెంచ్ ఆపితే డిసెంబరు 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. టెక్సాస్ పటానికి ప్రతిగా కాలిఫోర్నియా డెమోక్రాట్లు నవంబరు 4న ప్రతిపాదన 50ని ఓటర్ల చేత గెలిపించుకుని, తమ పౌర కమిషన్ గీసిన కాంగ్రెస్ పటాన్ని 2030 ఎన్నికల దాకా పక్కన పెట్టారు. పార్టీ లాభం కోసం గీసినా ఫెడరల్ కోర్టులు పట్టించుకోవని 2019 జూన్ 27న రూచో కేసులో సుప్రీంకోర్టు చెప్పాక ఈ పోటీకి పగ్గాలు లేకుండా పోయాయి. ఎవరు మొదలుపెట్టినా ఇది తప్పే అని నా అభిప్రాయం. టెక్సాస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో ఉన్న మనవాళ్లు చేయగలిగింది, పటం వచ్చిన రోజే తమ వీధి ఏ నంబరులో పడిందో చూసి, కమిటీలో రాతపూర్వకంగా నమోదు చేయడం.

2031కి తయారయ్యేవాళ్లు మొదలుపెట్టాల్సింది 2030 ఏప్రిల్ 1 నుంచి, అంటే జనగణన రోజు నుంచి. మామూలుగా ఎక్కడ నివాసం ఉంటే అక్కడే లెక్క. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 అందరూ ఫారంలో ఉండాలి. ఆన్ ఆర్బర్‌లో చదివే అబ్బాయి ఆన్ ఆర్బర్ లెక్కలోకి వస్తాడు, ట్రాయ్‌లోని తల్లిదండ్రుల ఫారంలోకి కాదు. పురిటికి సాయం వచ్చి ఆరు నెలల్లో వెళ్లిపోయే అమ్మమ్మ లెక్కలోకి రాదు. గ్రీన్ కార్డు మీద ఇక్కడే ఉంటున్న తాతయ్య తప్పకుండా వస్తాడు. జాతి ప్రశ్నలో "ఏషియన్ ఇండియన్" గడి గుర్తుపెట్టాలి. కమిషన్ దరఖాస్తులు అంతకుముందే మొదలవుతాయి, నమోదైన ఓటరై ఉండాలి, మరికొన్ని షరతులూ ఉన్నాయి. క్యాంటన్‌లో ఉన్నవాళ్లు ఇప్పుడే లెక్క చూసుకోవచ్చు: 2020లోనే ఆ టౌన్‌షిప్ 98,659, ఒక నియోజకవర్గానికి ఐదు శాతం హద్దు మీద 2,400 మంది పైచిలుకు ఎక్కువ. ఈసారి ఊరు పెరిగితే చీలిక తప్పదు, కాబట్టి చీలిక ఏ రోడ్డు మీదుగా పోవాలో తేల్చుకునే పని ఇప్పటి నుంచే ఉంది.